31 అంగుళాల బండి, 52 అంగుళాల వరుస: డిస్నీ పార్కుల స్ట్రోలర్ నిబంధనపై ఒక కేస్ స్టడీ

2019 మార్చి 28న డిస్నీ సంస్థ అమెరికాలోని తన పార్కులకు కొత్త నిబంధనలు ప్రకటించింది. మే 1 నుంచి 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు మించిన స్ట్రోలర్‌ను, అంటే చిన్నపిల్లల తోపుడు బండిని, కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లోకి గాని, ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లోకి గాని రానివ్వరు. అంతకుముందు వెడల్పు 36 అంగుళాల దాకా చెల్లేది. పొడవు మాత్రం మారలేదు. పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే వ్యాగన్ రకం బండ్లను పూర్తిగా నిషేధించారు. పార్కు లోపలి పొగతాగే స్థలాలను ప్రవేశద్వారాల బయటికి మార్చారు. కూలర్లలో విడి ఐసు తేవద్దన్నారు. జనం రాకపోకలు సాఫీగా సాగడం కోసమే ఇవన్నీ అని సంస్థ చెప్పింది.

ఆ వారం నాకు వచ్చిన ఫోన్లన్నీ ఒకే ప్రశ్నతో వచ్చాయి. వేసవి సెలవులకు డిస్నీ వరల్డ్ ఉన్న ఆర్లాండోకు టికెట్లు కొనుక్కున్న బంధువులు, స్నేహితులు టేపు పట్టుకుని తమ బండి కొలుస్తూ అడిగారు: "మా కవలల స్ట్రోలర్ లోపలికి రానిస్తారా?" జనం నడిచే దారులకు వెడల్పులు లెక్కగట్టడం నా వృత్తి. వాళ్లకు జవాబు చెప్పడం తేలికే. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చునే బండ్లు చాలావరకు 30 అంగుళాల చుట్టుపక్కలే ఉంటాయి, ఇంటి తలుపులు, దుకాణాల తలుపులు దాటాలి కాబట్టి. అమెరికాలో వికలాంగుల సౌకర్యాల చట్టం ప్రకారం బహిరంగ భవనాల తలుపుకు కనీసం 32 అంగుళాల ఖాళీ ఉండాలి. 31 అన్న సంఖ్యను చూడగానే నాకు తట్టింది ఆ తలుపే. నన్ను ఆపిన ప్రశ్న వేరు. ఐదు అంగుళాలు తగ్గిస్తే రద్దీ తగ్గుతుందా?

అప్పుడే ఎందుకు

సంవత్సరానికి దాదాపు 2 కోట్ల 9 లక్షల మంది వచ్చే పార్కు, ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్. డిస్నీల్యాండ్‌కు వచ్చేవారు దాదాపు కోటీ 87 లక్షలు. పరిశ్రమ వార్షిక అంచనాల్లో 2018కి ఇచ్చిన అంకెలివి. 365తో భాగిస్తే మొదటిదానికి రోజుకు సగటున 57 వేల మంది, రెండోదానికి 51 వేల మంది. సెలవు రోజుల్లో ఈ సగటుకు అర్థమే ఉండదు.

పైగా ఆ ఏడాది స్టార్ వార్స్ సినిమాల ఇతివృత్తంతో కొత్త ప్రాంతం తెరవబోతున్నారు. 14 ఎకరాల ఆ భాగం డిస్నీల్యాండ్‌లో మే 31న, ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లోని మరో పార్కు హాలీవుడ్ స్టూడియోస్‌లో ఆగస్టు 29న మొదలైంది. 1955లో తెరిచిన డిస్నీల్యాండ్ దారులు ఆనాటి జనానికి సరిపోయేలా వేసినవి. అందుకే ఈ ప్రాంతం తెరవకముందే ప్రాజెక్ట్ స్టార్‌డస్ట్ పేరుతో మొక్కల గట్లు తగ్గించి, దారులు వెడల్పు చేసి, స్ట్రోలర్ పార్కింగ్ స్థలాలను సర్దడం మొదలుపెట్టారు. పత్రికల్లో పెద్దగా చోటు దక్కని ఆ పనే నా దృష్టిలో అసలు పని. అందరి నోటా నానింది మాత్రం 31 అంగుళాలే.

ఐదు అంగుళాల లెక్క

పాత పరిమితిలో బండి ఆక్రమించే నేల 13 చదరపు అడుగులు. కొత్త పరిమితిలో 11.2. మా రంగంలో నిలబడ్డ మనిషికి 24 అంగుళాల భుజాల వెడల్పు, 18 అంగుళాల మందం ఉన్న కోడిగుడ్డు ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటాం. 1970ల మొదట్లో జాన్ ఫ్రూయిన్ అనే ఇంజినీరు స్థిరపరచిన కొలత ఇది. దాని వైశాల్యం సుమారు 2.3 చదరపు అడుగులు. అంటే కొత్త పరిమితికి లోబడిన స్ట్రోలర్ కూడా, తోసే మనిషిని కలపకుండానే, దాదాపు ఐదుగురు నిలబడే చోటు తీసుకుంటుంది. లోపల కూర్చున్నది పది కిలోల పసిబిడ్డ.

ఇప్పుడు 10 అడుగుల దారి ఊహించండి. మొత్తం 120 అంగుళాలు. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తున్నాయి. పాత పరిమితిలో రెండూ కలిసి 72 అంగుళాలు తీసుకుంటే 48 మిగులుతాయి. అందులో ఇద్దరు మనుషులు పట్టారంటే భుజానికి భుజం రాసుకోవాల్సిందే, మధ్యలో సందన్నదే ఉండదు. కొత్త పరిమితిలో రెండు బండ్లకు 62 పోతే 58 మిగులుతాయి. ఆ ఇద్దరూ వెళ్లాక 10 అంగుళాలు మిగిలి, నలుగురి మధ్య ఉండే మూడు సందుల్లో ఒక్కోదానికి మూడు అంగుళాలకు పైగా వస్తుంది. మూడంగుళాలే కదా అనిపించవచ్చు. నడిచే జనంలో ఆ మూడంగుళాలే ఆగడానికీ సాగడానికీ తేడా. చక్రం ఎదుటి చక్రానికి తగిలితే రెండు బండ్లూ ఆగుతాయి, వెనకున్నవాళ్లందరూ ఆగుతారు. ఈ లెక్క చూశాక ఆ నిబంధన తప్పని నేను అనలేను. ఇరుకు దారుల్లో అది నిజంగానే పనికొస్తుంది.

వ్యాగన్ల నిషేధాన్నైతే నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. వ్యాగన్‌ను తోయడమే కాదు, చాలామంది లాగుతారు. లాగేవాళ్లకు వెనక ఏముందో కనపడదు. మలుపులో అది లోపలి వైపుకు కోసుకుంటూ వస్తుంది, పక్కన నడిచేవాళ్ల మడమలు దానికి తగులుతాయి.

ఇక్కడ ఒక విషయం మరవకూడదు. చక్రాల కుర్చీలు, విద్యుత్ స్కూటర్లు ఈ 31 అంగుళాల లెక్కలోకి రావు. వాటికి 36 అంగుళాల పరిమితి కొనసాగింది. నడవలేని, రద్దీని తట్టుకోలేని పిల్లలకు తమ స్ట్రోలర్‌నే చక్రాల కుర్చీగా క్యూ లోపలికి తీసుకెళ్లేలా ప్రత్యేకమైన ట్యాగు ఇస్తారు. జనం దారి లెక్కలు వేసే ఎవరైనా ముందు వీరికి చోటు కేటాయించి, మిగిలిన వెడల్పుతో పని మొదలుపెట్టాలి.

నిలిపిన బండి

నడిచే బండి రద్దీలో చిన్న భాగం. పెద్ద భాగం నిలిపిన బండిది.

థీమ్ పార్కులో దాదాపు ఏ రైడ్‌కు వెళ్లినా స్ట్రోలర్‌ను బయటే వదలాలి. అందువల్ల ప్రతి రైడ్ ముందూ ఒక పార్కింగ్ పుడుతుంది. సాధారణంగా బండ్లను దారికి అడ్డంగా, ముందు చక్రాలు గోడ వైపు, చేతిపిడి దారి వైపు ఉండేలా నిలుపుతారు. వరుస దారిలోకి ఎంత చొచ్చుకొస్తుందో నిర్ణయించేది బండి పొడవు. ఆ పొడవు 52 అంగుళాలు, 2019 నిబంధన దాన్ని ముట్టుకోలేదు. 15 అడుగుల దారిలో ఒక పక్క అలాంటి వరుస ఉంటే నాలుగడుగుల నాలుగంగుళాలు పోయి, 10 అడుగుల 8 అంగుళాలు మిగులుతాయి. దారిలో మూడో వంతుకు దగ్గరగా పోయినట్టే. ఒక అడుగు వెడల్పులో నిమిషానికి ఎక్కువలో ఎక్కువ 25 మంది నడవగలరని ఫ్రూయిన్ లెక్క. ఆ లెక్కన ఈ ఒక్క వరుస నిమిషానికి వంద మందికి పైగా నడిచే సామర్థ్యాన్ని మింగేస్తుంది.

వెడల్పు తగ్గితే వరుసలో ఎక్కువ బండ్లు పడతాయి కదా అని అడగవచ్చు. నిజమే. 30 అడుగుల వరుసలో, సందులు లేకుండా పేర్చినా, 36 అంగుళాలవి 10 పడతాయి, 31 అంగుళాలవి 11. పదికి ఒకటి పెరిగింది. వచ్చే బండ్లు ఇంకో పది పెరిగితే రెండో వరుస మొదలవుతుంది. దాంతో దారి ఇంకో 52 అంగుళాలు కుంచించుకుపోతుంది.

దీనికి తోడు బండ్లను తీయడం, పెట్టడం ఉంది. కాగితం మీద ఎక్కడా కనపడని రద్దీ ఇది. బండి బయటికి తీయాలంటే తోసే మనిషి దారిలోకి వెనక్కి నడవాలి. వీపు జనం వైపు ఉంటుంది. పిల్లాడు చంకలో ఉంటాడు. చేతిపిడికి తగిలించిన సంచుల బరువు వెనక్కే ఉంటుంది కనుక, పిల్లాడు లేని బండి ఒక్కసారిగా వెల్లకిలా పడుతుంది. నీళ్ల సీసా దొర్లుకుంటూ దారి మధ్యకు పోతుంది. దాన్ని అందుకోవడానికి ఎవరో వంగుతారు, వెనక ఎవరో చేయి అడ్డం పెట్టి జనాన్ని ఆపుతారు. మొత్తం అర నిమిషం. పక్కన మరో ముగ్గురు తల్లిదండ్రులు ఇదే పనిలో ఉంటారు.

షో ముగిసినప్పుడు, బాణసంచా ఆగినప్పుడు ఈ అర నిమిషాలన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కోట ముందున్న కూడలిని 2015 నాటికి విస్తరించి, ప్రవేశద్వారం నుంచి కోటకు వెళ్లే మెయిన్ స్ట్రీట్‌లో దుకాణాల వెనక నుంచి ఒక పక్కదారి ఏర్పాటు చేయడానికి కారణం జనం ఒకేసారి కదిలే ఈ క్షణమే. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సు జనం సంఖ్యలో ఎంత పెద్దదైనా ఒకే దిశలో కదులుతుంది. థీమ్ పార్కు కూడలికి దిశంటూ ఉండదు. నలుగురు నాలుగు వైపులకు, అందులో ఇద్దరు బండ్లతో.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనే నాకు నచ్చిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. ఫాంటసీల్యాండ్ అనే భాగంలోని పాత ఆకాశ రోప్‌వే స్టేషన్ 1999లో మూతపడ్డాక ఆ కింది స్థలాన్ని చాలా ఏళ్లు స్ట్రోలర్లు నిలపడానికి వాడారు. తర్వాత దాన్ని పడగొట్టి, 2013లో అక్కడ కూర్చోవడానికి చోటు, మరుగుదొడ్లు కట్టారు. దారికి పక్కన, దారిలో కాకుండా, కప్పు కింద, రెండు మూడు రైడ్లకు మధ్యలో: స్ట్రోలర్లకు అంతకన్నా మంచి చోటు గీసి కట్టినా దొరకదు. ఎవరూ అనుకోకుండా దొరికింది.

మరో రెండు చోట్ల కూడా బండి తప్పనిసరిగా ఆగుతుంది. మొదటిది రైడర్ స్విచ్. ఎత్తు చాలని పిల్లాడితో ఒకరు ఆగితే మిగతావాళ్లు రైడ్ ఎక్కుతారు, తర్వాత మారుతారు. మంచి పద్ధతి, తల్లిదండ్రులకు న్యాయం చేస్తుంది. అయితే ఒక మనిషి, ఒక పిల్లాడు, ఒక బండి రైడ్ బయట చాలాసేపు నిలబడాలి. ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పరు. వాళ్లు నీడ ఉన్న చోటే నిలబడతారు, నీడ ఉండేది రైడ్ ద్వారం దగ్గరే. రెండోది ఫ్లోరిడా వేసవి మధ్యాహ్నపు వాన. మొదటి చినుకు పడగానే ప్రతి బండీ ఏదో ఒక చూరు కిందికి దూరుతుంది, ప్లాస్టిక్ తొడుగు బయటికొస్తుంది. దుకాణం గుమ్మం అక్కడితో మూసుకుపోయినట్టే.

బండి తోసేవాళ్ల వైపు నుంచి

ఐదేళ్ల పిల్లాడికి కూడా బండి ఎందుకని విసుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. మా రంగంలోనూ ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. రోజంతా పార్కులో తిరిగితే పెద్దవాళ్లే మైళ్లకు మైళ్లు నడుస్తారు. మూడేళ్లు నిండిన బిడ్డకు టికెట్ కొనాల్సిందే కాబట్టి పొద్దున తలుపులు తెరిచినప్పటి నుంచి రాత్రి బాణసంచా దాకా ఉండాలనే కుటుంబం చూస్తుంది. ఆ బిడ్డ మధ్యాహ్నం రెండింటికి ఎక్కడ పడుకోవాలి?

ఒక పార్కులో, పేరు చెప్పను, మేము గమనింపు పనిలో ఉన్నప్పుడు బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ తెలుగు విని పలకరించింది. కూతురు, అల్లుడు పెద్ద మనవడితో రైడ్‌కు వెళ్లారు. చిన్నది బండిలో నిద్రపోతోంది. బండి కింది బుట్టలో డైపర్లు, నలుగురి స్వెటర్లు, సన్‌స్క్రీన్, పులిహోర డబ్బా. చేతిపిడికి మూడు సంచులు, ఒక గొడుగు.

"ఇంత సామాను ఎందుకమ్మా, లాకర్లు ఉన్నాయి కదా?" అన్నాను.

"ఉన్నాయట బాబూ, గేటు దగ్గర. స్వెటర్ కావాలంటే అక్కడిదాకా ఎవరు పోతారు? నా మోకాళ్లకు ఈ బండే ఆసరా. పిల్ల లేకపోయినా దీన్ని పట్టుకునే నడుస్తాను."

నా నోట్సులో ఆ రోజు రాసుకున్నవాటిలో ఈ మాటే విలువైనదని ఇప్పటికీ అనుకుంటాను. ఆవిడకు ఆ స్ట్రోలర్ ఊయల, సామాను బండి, చేతికర్ర. వెడల్పు తగ్గించమని చెప్పే నిబంధన ఈ మూడు అవసరాల్లో ఒక్కదాన్నీ తగ్గించదు. పార్కు మధ్యలో లాకర్లు పెడితే సామాను తగ్గుతుంది. బెంచీలు పెంచితే, నీడ పెంచితే ఆవిడ బండిని ఆసరాగా పట్టుకోవలసిన దూరం తగ్గుతుంది.

ఫలితం తేల్చడం ఎందుకు కష్టం

31 అంగుళాల నిబంధన పనిచేసిందా అని నన్ను చాలామంది అడిగారు. నిజాయితీగా చెప్పాలంటే, బయటి నుంచి చూసినవారెవరూ దీన్ని విడదీసి తేల్చలేరు. దానికి కారణాలు ఆ సంవత్సరంలోనే ఉన్నాయి. మే 1న నిబంధన వచ్చింది. మే 31న కాలిఫోర్నియాలో కొత్త ప్రాంతం తెరుచుకుంది. జూన్ 23 దాకా అక్కడికి ముందే రిజర్వేషన్ చేసుకున్నవారిని మాత్రమే నాలుగేసి గంటలకు అనుమతించారు. స్థానికుల వార్షిక పాసుల్లో కొన్నింటికి ఆ రోజుల్లో ప్రవేశం లేదు. విపరీతమైన రద్దీ ఉంటుందని భయపడి చాలామంది ప్రయాణాలే వాయిదా వేసుకున్నారు. ఆ త్రైమాసికంలో డిస్నీ అమెరికా పార్కులకు వచ్చినవారి సంఖ్య 3 శాతం తగ్గిందని సంస్థే వెల్లడించింది. దారులు అప్పటికే వెడల్పయ్యాయి, పొగతాగే మూలలు ఖాళీ అయ్యాయి. ఇన్ని ఒకేసారి మారినప్పుడు దారి ఖాళీగా కనపడితే ఆ ఘనత ఏ ఒక్కదానికీ కట్టబెట్టకూడదు. మరుసటి మార్చిలో కరోనాతో పార్కులే మూతపడ్డాయి. పోల్చడానికి ఒక పూర్తి సంవత్సరం కూడా దొరకలేదు.

నా అంచనా ఒకటి చెబుతాను. అంచనాగానే తీసుకోండి. ఆ మార్పుల్లో ఎక్కువ మేలు చేసింది దారి వెడల్పు, పార్కింగ్ స్థలాల సర్దుబాటు. వ్యాగన్ల నిషేధం తర్వాతి స్థానంలో ఉంటుంది. 31 అంగుళాలు చివరన. అయితే చివరిదానికే ఖర్చు లేదు, ఒక్క రోజులో అమల్లోకి వచ్చింది. పార్కు నడిపేవాళ్లు దాన్ని ఎందుకు ఎంచుకున్నారో నాకు అర్థమవుతుంది. తక్కినవాటికి తవ్వకాలు కావాలి, నెలలు కావాలి.

మా పని

పైన చెప్పిన పేరు లేని పార్కుకే తిరిగి వస్తాను. పిల్లల రైడ్ ఒకదాని ముందు రోజూ మధ్యాహ్నం దారి ముడిపడిపోయేది. మమ్మల్ని పిలిచింది అందుకు. కెమెరా చిత్రాలు చూశాం, మ్యాపులు గీశాం. స్ట్రోలర్ పార్కింగ్ రైడ్ బయటికొచ్చే తలుపుకు సరిగ్గా ఎదురుగా ఉంది. దిగినవాళ్లకు తమ బండి వెంటనే కనపడాలని పెట్టారు, ఉద్దేశం మంచిదే. కానీ తలుపులోంచి వచ్చే జనం, దారిన పోయే జనం, బండి వెనక్కి లాగే జనం, మూడు ప్రవాహాలూ ఒకే పది అడుగుల మీద కలుస్తున్నాయి.

పార్కింగ్‌ను తలుపు దాటాక కాస్త దూరంలో, దారి మలుపు తిరిగే చోట పక్కకు పెట్టాలని నిర్ణయించాం. ఎంత దూరం అన్నదగ్గర వాదన మొదలైంది. మరీ దూరమైతే ఎవరూ అక్కడ నిలపరు, తలుపు దగ్గరే వదిలేసి పోతారు. మర్నాడు తెల్లవారుజామున, తలుపులు తెరవకముందు, అక్కడ ఊడుస్తున్న పెద్దాయనను అడిగాను, బండ్లు నిజంగా ఎక్కడ ఆగుతాయని. ఆయన చీపురు ఆపి నేల చూపించాడు. బిస్కెట్ పొడి, నలిగిన జ్యూస్ డబ్బాల స్ట్రాలు. "ఇక్కడా, అదిగో ఆ చెట్టు కిందా. బండ్ల కోసం గీసిన గడుల్లో ఎప్పుడూ ఇంత చెత్త ఉండదు" అన్నాడు. చెట్టు మా మలుపుకు చాలా దగ్గర. కెమెరాలకు ఆకులు అడ్డం వచ్చి ఆ చోటు మాకు కనపడనేలేదు.

గడులు చెట్టు కిందికి మార్చాం. బండ్లు దారికి అడ్డంగా కాక సమాంతరంగా నిలిచేలా వరుసలు గీశాం, బండి తీసేవాళ్లు జనంలోకి కాక వరుసల మధ్య సందులోకి వెనక్కి నడిచేలా. దీనికి నేల ఎక్కువ పడుతుంది. ఒక మొక్కల గట్టు తీసేయవలసి వచ్చింది, తోటపని వాళ్లు రెండు రోజులు మాతో మాట్లాడలేదు. రైడర్ స్విచ్‌లో ఆగేవాళ్ల కోసం పక్కనే ఒక నీడ పందిరి, రెండు బెంచీలు వేయించాం.

తలుపు ముందు ముడి విడిపోయింది. కొత్త చిక్కు మొదలైంది. దిగినవాళ్లకు బండి కనపడదు. పనివాళ్లు చోటు కోసం బండ్లను జరుపుతూ ఉంటారు కాబట్టి పెట్టిన చోటే ఉంటుందన్న నమ్మకమూ లేదు. అన్నీ నలుపే, అన్నింటికీ అవే సంచులు. వెతుక్కునేవాళ్లు సందుల్లో ఇరుక్కుపోయారు. ప్రతి వరుసకూ ఒక స్తంభం పాతి దాని మీద ఒక జంతువు బొమ్మ పెట్టించాం: ఏనుగు, తాబేలు, కోతి, నెమలి. పెద్దవాళ్లు మరచిపోయినా పిల్లలు మరవరు. "మనది కోతి" అంటూ చేయి పట్టుకుని లాక్కెళ్తారు.

రెండు వారాలు బాగా నడిచింది. తర్వాత ఏనుగు వరుస పొంగి మళ్లీ దారిలోకి రావడం మొదలైంది. నెమలి వరుస సగం ఖాళీగానే ఉంది. ఏనుగు తలుపుకు దగ్గరి వరుస కాబట్టి అనుకున్నాం. ఒక పూట అక్కడ నిలబడి విన్నాక తెలిసింది, పిల్లలు ఏనుగు దగ్గరే పెట్టమని మారాం చేస్తున్నారు. ఆ రాత్రే స్తంభాలు మార్చి, ఏనుగును చిట్టచివరి వరుసకు తీసుకెళ్లాం.